సహనమంటే కూర్చుండిపోవడం కాదు
పాత గాయాలు, దృఢమైన మనసు: ఒక హదీసు పాఠం

కొన్ని నెలల క్రితం మేము బోధన్ పట్టణంలో, షక్కర్‌నగర్ వైపున ఉన్న ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళాము. ఆ ఇంటి పెద్దాయన వయసు అరవై దాటింది. చాలా ఏళ్ళ క్రితం చెరకు లోడు ట్రాలీ మీది నుంచి జారిపడ్డారు. నడుముకు, కుడి మోకాలికి దెబ్బలు తగిలాయి. ఎముక అతుక్కుంది, పనిలోకి కూడా వెళ్ళారు. అయితే వయసు పైబడుతున్న కొద్దీ పాత నొప్పి మళ్ళీ తలెత్తింది. రెండేళ్ళుగా ఆయన ఇల్లు దాటడం లేదు. ఒకప్పుడు ఫజర్ నమాజుకు అందరికన్నా ముందు మస్జిదుకు చేరుకునే మనిషి, ఇప్పుడు రోజంతా మంచం మీదనే గడుపుతున్నారు.

"చాచా, డాక్టరు ఏమన్నారు?" అని అడిగాము.

"రోజూ కొంచెం నడవమన్నాడు. కానీ నడిస్తే లోపల ఇంకేదో తెగిపోతుందేమోనని భయం మౌల్వీ సాబ్. అయినా మీరే కదా జుమా బయానులో సహనం వహించమని చెప్పారు? నేను సహనం వహిస్తున్నాను. కూర్చున్నాను."

ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు. మా మాట మీద గౌరవంతోనే అన్నారు. అందుకే అది మాకు మరింత గట్టిగా తగిలింది. తిరిగి నిజామాబాద్ బస్సు ఎక్కిన తరువాత కూడా అదే ఆలోచన. సహనం గురించి మేము చెప్పినదానిలో అబద్ధం లేదు. కానీ అది సగమే. మిగతా సగం చెప్పకపోవడం వల్ల ఒక మంచి మనిషి తన భయానికి సహనం అని పేరు పెట్టుకున్నారు. ఆ మిగతా సగాన్ని ఈ పాఠంలో పాఠకుల ముందు ఉంచుతున్నాము.

బలమైన విశ్వాసి ఎవరు?

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (స) అందులో చేసిన బోధ సారాంశం ఇది: బలహీనుడైన విశ్వాసి కన్నా బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడు; అయితే ఇద్దరిలోనూ మేలు ఉంది. నీకు ప్రయోజనం కలిగించే దాని కోసం ఆత్రంగా పాటుపడు. అల్లాహ్ సహాయం కోరుకో. నిస్సహాయుడవై కూలబడకు. ఏదైనా ఆపద వచ్చి పడితే, నేను ఇలా చేసి ఉంటే అలా అయి ఉండేది కదా అని అనుకోకు. ఇది అల్లాహ్ నిర్ణయం, ఆయన తలచింది చేశాడు అని అనుకో. ఎందుకంటే ఆ 'అయి ఉంటే' అనే మాట షైతాను పనికి తలుపు తెరుస్తుంది.

ఈ చిన్న హదీసులో ఒక గాయపడిన మనిషికి కావలసిన వైద్యమంతా ఉంది. ఒక్కొక్క మాట విడదీసి చూద్దాం.

మొదటి మాట 'ఇద్దరిలోనూ మేలు ఉంది' అనేది. బలహీనుణ్ణి ఇక్కడ తోసిపుచ్చలేదు. నడుము విరిగినవాడు, చూపు పోయినవాడు, మంచాన పడినవాడు అల్లాహ్ దగ్గర తక్కువవాడు కాడు. మొదట ఆ ఓదార్పు ఇచ్చి, ఆ తరువాతే ముందుకు నడవమని ప్రోత్సాహం ఇచ్చారు. మన ఇళ్ళలో రోగితో మాట్లాడేటప్పుడు కూడా ఇదే వరుస పాటించాలి.

రెండవ మాట 'హిర్స్'. ఉర్దూ తెలిసినవారికి ఈ మాట వినగానే దురాశ, పేరాశ అనే అర్థమే స్ఫురిస్తుంది. కానీ హదీసులో అది మంచి అర్థంలో వచ్చింది. ఆకలితో ఉన్నవాడు అన్నం కోసం చూసినంత ఆత్రంగా, తనకు మేలు చేసేదాని వెంటపడటం అని దాని భావం. డాక్టరు చెప్పిన నాలుగు అడుగులు కూడా మేలు చేసేవే అయితే, వాటి విషయంలో విశ్వాసి బద్ధకంగా కాదు, ఆత్రంగా ఉండాలి.

మూడవ మాట అల్లాహ్ సహాయం కోరడం. ప్రయత్నం ముందు, దుఆ తరువాత అని గానీ, దుఆ ఉంది కనుక ప్రయత్నం అక్కరలేదని గానీ ఇక్కడ లేదు. రెండూ ఒకే వాక్యంలో జంటగా వచ్చాయి.

నాలుగవది 'అజ్జ్' వద్దని చెప్పిన మాట. మన ఉర్దూలో 'ఆజిజీ' అంటే వినయం, ఒదిగి ఉండటం. అది మంచి గుణమే. కానీ అదే ధాతువు నుంచి వచ్చిన ఈ అరబీ మాటకు ఇక్కడ అర్థం వేరు: 'నా వల్ల కాదు' అని ప్రయత్నించకుండానే చేతులెత్తేయడం. దైవప్రవక్త (స) నిత్యం చేసుకున్న దుఆలలో అజ్జ్ నుంచి, కసల్ (బద్ధకం) నుంచి శరణు కోరడం ఉందని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. అల్లాహ్ ముందు ఆజిజీ చూపాలి. కష్టం ముందు అజ్జ్ చూపకూడదు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే ఎందరో మంచివాళ్ళు మంచానికి అతుక్కుపోతున్నారు.

ఐదవది 'అయి ఉంటే' అనే మాట. ఆ రోజు ట్రాలీ ఎక్కకుండా ఉంటే... ఆ ఉద్యోగం పోకుండా ఉంటే... బోధన్ హోటళ్ళలో చాయ్ తాగుతూ కూర్చున్నవారి నోట ఈ మాట ఎంతగా వినబడుతుందో మనకు తెలుసు. నిజాంసాగర్ నీళ్ళతో పండిన చెరకు మీద ఆధారపడి, ఏడవ నిజాం కాలంలో, 1930ల చివర్లో ఇక్కడ చక్కెర కర్మాగారం వెలిసింది. మూడు తరాలకు అన్నం పెట్టింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఆ దెబ్బ కూడా ఒక గాయమే, చిన్నది కాదు. హక్కుల కోసం అడగటం, పోరాడటం ప్రయత్నంలో భాగమే, దానిని హదీసు వారించడం లేదు. కానీ ఏ పనీ చేయకుండా, గడిచిపోయిన రోజును తలచుకుంటూ ఈ రోజును కూడా పోగొట్టుకోవడం వేరు. షైతానుకు కావలసింది అదే.

సబ్ర్ అసలు అర్థం

సబ్ర్ అనే అరబీ మాట మూలార్థం పట్టి ఉంచడం, నిగ్రహించడం. కళ్ళెం పట్టుకున్నవాడు గుర్రాన్ని ఆపినట్లు, మనసును నిరాశ వైపు పోకుండా పట్టి ఉంచడం. నాలుకను ఫిర్యాదు నుంచి పట్టి ఉంచడం. ధర్మవేత్తలు సబ్ర్‌ను మూడు రకాలుగా విభజించి చెబుతారు: ఆపదల మీద సహనం, పాపాలకు దూరంగా ఉండటంలో సహనం, విధేయతలో నిలకడగా ఉండే సహనం. ఈ మూడవదాన్ని మనం మరచిపోతాం. రోజూ నొప్పిని ఓర్చుకుంటూ లేచి వుజూ చేసుకోవడం సహనం. విసుగు పుట్టినా అదే వ్యాయామాన్ని నలభై రోజులు చేయడం సహనం. కదలకుండా కూర్చోవడానికి పెద్దగా నిగ్రహం అక్కరలేదు, లేవడానికే కావాలి.

ఒక పాదం, ఒక చెట్టు మొదలు

దివ్య ఖుర్‌ఆన్‌లో బాధను అనుభవించిన ఇద్దరు మహనీయుల ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూడండి.

హజ్రత్ అయ్యూబ్ (అ) సహనానికి మారుపేరు. ఆయన దీర్ఘకాలం బాధను అనుభవించి తన ప్రభువును వేడుకున్నారు. అప్పుడు వచ్చిన ఆజ్ఞ ఏమిటి? నీ కాలితో నేలను తట్టు అని (సాద్ సూరా, 42వ ఆయత్). ఆ తట్టుతో స్నానానికీ తాగడానికీ చల్లని నీరు వెలువడింది. హజ్రత్ మర్యమ్ (అ) ప్రసవ వేదనతో ఖర్జూరపు చెట్టు మొదలును ఆనుకుని ఉన్నారు. ఆమెకు అందిన సూచన, ఆ చెట్టు మొదలును నీ వైపునకు ఊపు, తాజా పండ్లు రాలుతాయి అని (మర్యమ్ సూరా, 25వ ఆయత్).

కాస్త ఆలోచించండి. కాలు తట్టకుండా నీరు ఇవ్వడం అల్లాహ్‌కు అసాధ్యమా? ఖర్జూరపు మొదలును ఒక బలశాలి ఊపినా పండ్లు రాలడం కష్టం, ప్రసవ వేదనలో ఉన్న స్త్రీ ఊపితే ఎంత కదులుతుంది? నీటిని ఇచ్చింది కాలు కాదు, పండ్లను రాల్చింది చెయ్యి కాదు. ఇచ్చినవాడు అల్లాహే. అయినా ఆ స్థితిలో కూడా దాసుని వైపు నుంచి ఒక కదలికను కోరాడు. ఎంత కదలిక? ఆ సమయంలో వారికి చేతనైనంతే. పరుగెత్తమని అయ్యూబ్ (అ)ను అడగలేదు, చెట్టెక్కమని మర్యమ్ (అ)ను అడగలేదు. పాత గాయంతో బాధపడే ప్రతి మనిషీ తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఇదే: ఈ రోజు నాకు చేతనైన ఆ చిన్న కదలిక ఏమిటి?

గాయాలతోనే నడిచినవారు

దైవప్రవక్త (స) స్వయంగా గాయపడ్డారు. ఒకసారి గుర్రం మీది నుంచి పడి ఆయన కుడి పక్క గీరుకుపోయింది. పరామర్శకు వెళ్ళినప్పుడు ఆయన కూర్చునే నమాజు చేయించారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ఇందులో రెండు పాఠాలున్నాయి. గాయం తగిలినప్పుడు దానికి తగిన విశ్రాంతి తీసుకోవడం ప్రవక్త (స) సంప్రదాయమే; మొండిగా నిలబడి దెబ్బను పెంచుకోవడం ధర్మనిష్ఠ కాదు. రెండవది, విశ్రాంతి సమయంలో కూడా నమాజు ఆగలేదు, రూపం మాత్రమే మారింది. కోలుకున్న తరువాత ఆయన మళ్ళీ లేచారు. విశ్రాంతికి ఒక గడువు ఉంది.

హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహుద్ యుద్ధం జరిగింది. దాదాపు డెబ్బై మంది సహచరులు అమరులయ్యారు. మిగిలినవారిలో చాలామందికి గాయాలు. దైవప్రవక్త (స) ముఖానికి కూడా గాయమైంది. మరునాడే శత్రువు తిరిగి వస్తాడన్న ఆందోళనతో బయలుదేరమని పిలుపు వచ్చింది. గాయపడ్డ ఆ మనుషులే లేచి, మదీనాకు కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న హమ్రావుల్ అసద్ వరకు నడిచారు. గాయపడిన తరువాత కూడా పిలుపును అందుకున్నవారని ఆలి ఇమ్రాన్ సూరా 172వ ఆయత్‌లో అల్లాహ్ వారిని ప్రశంసించాడు.

ఈ ప్రయాణంలో బనూ అబ్దుల్ అష్‌హల్ వంశానికి చెందిన ఇద్దరు అన్నదమ్ముల ఉదంతాన్ని సీరత్ గ్రంథకర్తలు పేర్కొన్నారు. ఇద్దరికీ గాయాలే. ఎక్కడానికి వాహనం లేదు. ఒకరి గాయం కాస్త తేలిక. రెండవవారు నడవలేకపోయినప్పుడు ఈయన కొంత దూరం మోశారు, ఓపిక వచ్చినప్పుడు ఆయన నడిచారు. అలా మోస్తూ, నడుస్తూ గమ్యం చేరారు. గాయపడ్డవాడే గాయపడ్డవాణ్ణి మోశాడు! మానసిక బలం అంటే ఒంటరిగా పళ్ళు బిగించి ఉండటం అని కొందరు అనుకుంటారు. ఈ అన్నదమ్ములు చూపింది వేరు. సహాయం అడగటం, సహాయం తీసుకోవడం, కొంచెం ఓపిక రాగానే మళ్ళీ తన కాళ్ళ మీద నడవడం, ఈ మూడూ కలిస్తేనే బలం.

హజ్రత్ తల్హా (రజి) ఉహుద్‌లో దైవప్రవక్త (స)ను కాపాడుతూ తన చేతిని అడ్డుపెట్టారు. ఆ చేయి చచ్చుబడిపోయింది. ఆ చేతితోనే ఆయన మరో మూడు దశాబ్దాలు జీవించారు. వ్యాపారం చేశారు, దానధర్మాలలో పేరుపొందారు. చేయి పోయిందని జీవితాన్ని ఆపుకోలేదు.

మన ఊరి ఉదాహరణ

ఇవి సహాబాల సంగతులు, మనలాంటివారికి సాధ్యమా అని కొందరు అనవచ్చు. అయితే మన నిజామాబాద్ పట్టణాన్నే చూడండి. 1996లో ఇక్కడ పుట్టిన నిఖత్ జరీన్ పేరు తెలియనివారు లేరు. బాక్సింగ్ ఆట గురించి, ముఖం మీది దెబ్బల గురించి, క్రీడా దుస్తుల గురించి ధర్మవేత్తల చర్చ ఉంది. అది మరో సందర్భంలో మాట్లాడుకోవలసిన విషయం. ఇక్కడ మేము చెప్పదలచుకున్నది గాయం తరువాత ఆమె నడిచిన దారి గురించి మాత్రమే.

2011లో టర్కీలో జరిగిన పోటీలలో ఆమె జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజానికి గాయమైంది. శస్త్రచికిత్స జరిగింది. దాదాపు సంవత్సరం పాటు ఆటకు దూరమైంది. బాక్సర్‌కు భుజమంటే రైతుకు ఎద్దు లాంటిది. అక్కడితో కథ ముగిసిందని అనుకున్నవారు ఉండే ఉంటారు. 2019లో ఆమె బల్గేరియాలో బంగారు పతకంతో తిరిగి వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీల ఎంపికలో మేరీ కోమ్ చేతిలో ఓడిపోయింది. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్‌ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం, 2023లో ఢిల్లీలో రెండవసారి ప్రపంచ టైటిల్ గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం లేకుండానే వెనుదిరిగింది.

ఈ తేదీలను ఎందుకు వరుసగా రాశాము? 2017కూ 2022కూ మధ్య ఐదేళ్ళున్నాయి. పత్రికల్లో మనం చూసేది ఇస్తాంబుల్ ఫోటో మాత్రమే. భుజాన్ని మళ్ళీ పైకి లేపడం నేర్చుకున్న నెలల ఫోటో ఎవరూ వేయరు. పైగా మధ్యలో ఓటమి ఉంది, తరువాత కూడా ఓటమి ఉంది. కోలుకోవడం ఒక్కరోజు అద్భుతం కాదు. అది ఎక్కుతూ దిగుతూ సాగే దారి.

నొప్పి వేరు, ప్రమాదం వేరు

అల్లాహ్ దాసులారా, వైద్యం చేయించుకోండి అని దైవప్రవక్త (స) ప్రబోధించినట్లు హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. కనుక నేటి వైద్యులు ఏమంటున్నారో తెలుసుకోవడం కూడా దీనిలో భాగమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో సుమారు 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారు. దీర్ఘకాల నడుము నొప్పి గురించి ఆ సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు వెలువరించింది. రోగికి తన నొప్పి గురించి సరైన అవగాహన కల్పించడం, తగిన వ్యాయామం చేయించడం వంటివి అందులో ముఖ్యమైనవి. మన దగ్గర చాలామంది ఏళ్ళ తరబడి నమ్ముకునే నడుము బెల్టులను మామూలు చికిత్సగా వాడవద్దని కూడా అందులో ఉంది.

దీనికి కారణం అర్థం చేసుకోవడం తేలికే. దెబ్బ తగిలిన కొత్తలో నొప్పి ఒక కాపలాదారు, కదలవద్దని హెచ్చరిస్తుంది. ఎముక, కండరం మానిన తరువాత కూడా కొందరిలో ఆ కాపలాదారు కేకలు మానడు. మనిషి భయపడి కదలడం మానేస్తాడు. వాడని కండరం సన్నబడుతుంది. బలహీనపడిన కండరం కీలును సరిగా మోయలేదు. దానితో కొంచెం కదిలినా నొప్పి ఎక్కువ అవుతుంది. భయం మరింత పెరుగుతుంది. ఇదొక గానుగ చుట్టూ తిరుగుడు. దానిని తెంచేది కొద్దికొద్దిగా, పద్ధతిగా కదలడమే.

అయితే కొన్ని సూచనలను తేలికగా తీసుకోకూడదు. కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గిపోవడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం, నొప్పితో పాటు జ్వరం రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, కొత్తగా పడి దెబ్బ తగలడం – వీటిలో ఏది కనిపించినా వ్యాయామం, ఇంటి వైద్యం పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మన చేతులతో మనమే వినాశనంలో పడవద్దని అల్లాహ్ హెచ్చరించాడు (బఖరా సూరా, 195వ ఆయత్).

సడలింపు కూడా ధర్మమే

మరోవైపు, బలం పేరుతో రోగి మీద భారం మోపేవారూ ఉన్నారు. వారికి ఒక హెచ్చరిక. ఒక ప్రయాణంలో ఒక సహచరునికి రాయి తగిలి తలకు గాయమైంది. ఆ స్థితిలో ఆయనకు స్నానం విధి అయింది. తయమ్ముమ్‌కు అవకాశం ఉందా అని తోటివారిని అడిగితే, లేదని చెప్పారు. ఆయన స్నానం చేసి మరణించారు. ఈ సంగతి తెలిసినప్పుడు దైవప్రవక్త (స) ఎంతో ఆగ్రహించి, తెలియనప్పుడు అడిగి ఉండవలసిందని అన్నారు. హజ్రత్ జాబిర్ (రజి) చేసిన ఈ ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. తెలియకుండా ఇచ్చిన సలహా ప్రాణం తీస్తుంది. మాలాంటి బయాను చెప్పేవారికి ఈ హదీసు ఎప్పుడూ గుర్తుండాలి.

హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మొలల వ్యాధితో బాధపడుతూ నమాజు గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (స) క్రమం నేర్పారు: నిలబడి చేయాలి, అది చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు పడుకుని. గమనించండి, ప్రతి మెట్టులోనూ చేతనైనంత అనేదే కొలమానం. మెట్టు దిగడానికి అనుమతి ఉంది, కానీ అవసరం లేకుండా దిగడానికి కాదు. అలాగే ఓపిక తిరిగి వచ్చాక కూడా కింది మెట్టు మీదే ఉండిపోకూడదు. కుర్చీ మీద నమాజు చేసేవారు తమ స్థితిని తమ ప్రాంతపు ముఫ్తీకి వివరించి, తమకు వర్తించే ఆదేశాన్ని తెలుసుకోవాలి.

నిజంగానే ఏమీ చేయలేని స్థితిలో ఉన్నవారు దిగులు పడనక్కరలేదు. దాసుడు వ్యాధిగ్రస్తుడైనా, ప్రయాణంలో ఉన్నా, అతను ఆరోగ్యంగా ఇంటి దగ్గర ఉన్నప్పుడు చేసిన ఆచరణల పుణ్యమే అతని పేర రాయబడుతుందని హజ్రత్ అబూ మూసా (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. ఆచరణ ఆగినా పుణ్యం ఆగదు. ఎంత కరుణ!

ఇంట్లో ఆచరించవలసినవి

1. చిన్నగా మొదలుపెట్టి వదలకుండా చేయండి. అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన ఆచరణ, కొద్దిదైనా నిలకడగా చేసేదని హదీసు. నడక విషయంలోనూ అంతే. చదునైన నేల మీద, రోజుకు మూడుసార్లు, ఐదేసి నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. కొన్ని రోజులకొకసారి ఒకటి రెండు నిమిషాలు పెంచండి.

2. మరుసటి రోజును కొలతగా పెట్టుకోండి. నడిచేటప్పుడు కాస్త నొప్పి ఉండి తరువాత తగ్గిపోతే భయపడవద్దు. మరునాటికి కూడా ఎక్కువగానే ఉంటే, మానేయకుండా కొంత తగ్గించండి.

3. నమాజు వేళలకు ముడిపెట్టండి. గడియారం మరచిపోతాం, అజాను మరచిపోనివ్వదు. మస్జిదుకు వేసే అడుగులు రాయబడతాయని దైవప్రవక్త (స) బనూ సలిమా వారికి చెప్పారు. నొప్పితో చిన్న అడుగులు వేసేవాడికి అడుగులు ఎక్కువే పడతాయి కదా! దాన్ని నష్టంగా ఎందుకు చూడాలి?

4. బీడీలు చుట్టే అక్కాచెల్లెళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. చాట ఒళ్ళో పెట్టుకుని, మెడ వంచి గంటల తరబడి కూర్చోవడం వల్ల మెడ, భుజాలు, నడుము పట్టేస్తాయి. ఒక కట్ట పూర్తయినప్పుడల్లా లేచి నిలబడండి. భుజాలను వెనక్కి తిప్పండి, గది చుట్టూ ఒకసారి నడవండి. సుబ్‌హానల్లాహ్, అల్‌హందులిల్లాహ్ అంటూ చేస్తే అదే జిక్ర్ కూడా అవుతుంది. మనిషి శరీరంలోని 360 కీళ్ళకూ బదులుగా సదఖా ఉందని, ఈ స్మరణలూ, దారిలోని రాయిని తొలగించడం వంటివీ ఆ సదఖాలోకి వస్తాయని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనంలో ఉంది.

5. బరువులు ఎత్తే హమాలీ సోదరులు, చెరకు నరికేవారు పాత నొప్పిని దాచుకోవద్దు. బస్తాను ఇద్దరు పట్టడం అవమానం కాదు. హమ్రావుల్ అసద్ దారిలోని అన్నదమ్ములను గుర్తు చేసుకోండి.

6. ఇంటివారు రోగి పనులన్నీ తామే చేసేయడం ప్రేమ అనుకుంటారు. నీళ్ళ గ్లాసు కూడా అందిస్తే ఆయన ఎప్పుడు లేస్తారు? చేయగలిగింది చేయనివ్వండి, పక్కన ఉండండి. 'ఇంత వయసులో నీకెందుకు' అనే మాట మానండి.

7. 'అయి ఉంటే' అనే మాట నోటికి వచ్చినప్పుడల్లా ఆపి, 'ఇప్పుడు ఏం చేయగలను' అని అడగండి.

మళ్ళీ చాచా దగ్గరకు

కొన్ని వారాల తరువాత మేము మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాము. ముందుగా ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాము. సహనం గురించి మేము సగం మాటే చెప్పామని ఒప్పుకున్నాము. తరువాత అయ్యూబ్ (అ) పాదం సంగతి చెప్పాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు. "అంటే నన్ను కూడా కాలు తట్టమంటున్నాడన్నమాట" అన్నారు చివరికి. ఆ రోజు మనవడి భుజం పట్టుకుని గడప దాటి వేపచెట్టు దాకా వచ్చారు.

ఆయన నొప్పి పోలేదు. అలా రాస్తే అబద్ధమవుతుంది. కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు మంచం దిగలేరు. కానీ కర్ర ఊతంతో వారంలో మూడు నాలుగు రోజులు అసర్ నమాజుకు వస్తున్నారు. మొన్న జుమా నాడు మమ్మల్ని చూసి, "మౌల్వీ సాబ్, ఇప్పుడు సహనం మొదలైంది" అన్నారు. మా బయానుల కన్నా ఆ ఒక్క మాట గొప్పది.

కుటుంబంలో చర్చించుకోవడానికి

– ఆజిజీకీ అజ్జ్‌కూ తేడా ఏమిటి? మన ఇంట్లో ఏది ఎక్కువ?
– మన ఇంట్లో పాత గాయంతో ఉన్నవారు ఎవరు? వారి పనుల్లో వేటిని మనం అనవసరంగా లాగేసుకున్నాము?
– ఈ రోజు మనలో ప్రతి ఒక్కరికీ చేతనైన ఆ ఒక్క చిన్న కదలిక ఏమిటి?

ఓ అల్లాహ్! మా శరీరాలలోని గాయాలకు స్వస్థత ప్రసాదించు. మా మనసులలోని భయాన్ని తొలగించు. నీ ముందు వినయాన్ని, కష్టం ముందు స్థైర్యాన్ని మాకు ఇవ్వు. లేవగలిగినవారికి లేచే భాగ్యాన్ని, లేవలేనివారికి సంపూర్ణ పుణ్యఫలాన్ని అనుగ్రహించు. ఆమీన్.